క్లీనర్ వైపు డిస్కు

బండికి ముందు రెండు చక్రాలుంటాయి. రెండు చక్రాలకీ రెండు బ్రేకు డిస్కులుంటాయి. మారిస్తే రెండూ కలిపే మార్చాలి. ఇంతే సంగతి. పలక పట్టిన పిల్లాడికైనా అర్థమయ్యే ఈ ముక్కని మా బావమరుదులిద్దరికీ ఎక్కించలేక ఆ రోజు నా తలప్రాణం తోకకొచ్చింది.

వాళ్లు నా భార్యకి తమ్ముళ్లు, నాకు మేనమామ కొడుకులు. లాగులు జారిపోతూ తిరిగే రోజుల నుంచీ ఎరుగుదును. ఒకణ్ణి పెద్దోడంటాం, ఇంకొకణ్ణి చిన్నోడంటాం. ఇద్దరికీ కలిపి సిమెంటు ఇటుకలు పోసే పని ఒకటి, ఆ ఇటుకలు మోసే పికప్ బండి ఒకటి ఉన్నాయి. పెద్దోడు తోలతాడు, చిన్నోడు పక్కన కూర్చుంటాడు, ఎక్కించడం దించడం ఇద్దరూ చేస్తారు. మామయ్య పోయాక కూడా చాలాకాలం అలాగే సజావుగా సాగింది. కిందటేడు ఇల్లు కట్టుకుంటున్న ఆసామి ఒకాయన ఇటుకలు దింపించుకుంటూ, "ఈ అబ్బాయెవరు?" అని చిన్నోణ్ణి చూపించి అడిగాడట. పెద్దోడికి నోటిదురద ఎక్కువ. "మా క్లీనరండీ" అన్నాడట పళ్లికిలించి. చిన్నోడు చేతిలో ఇటుక అక్కడే పడేసి నడుచుకుంటూ ఇంటికొచ్చేశాడు.

ఆ ఒక్క మాటకి ఇల్లు రెండయింది. నడవా మధ్యలో వాళ్ల ఇటుకలతోనే గోడ లేచింది. బట్టలారేసుకునే తీగ దగ్గర్నుంచీ సగానికి సగం పంచుకున్నారు. బండిని కోయడం కుదరక, డ్రైవర్ వైపంతా పెద్దోడిది, క్లీనర్ వైపంతా చిన్నోడిది అనుకున్నారు. నవ్వకండి, నిజం. ఎవరి వైపు టైరు వాడిది, ఎవరి వైపు అద్దం వాడిది. ఒక లైటు తెల్లగా వెలుగుతుంది, ఇంకో లైటు పచ్చగా వెలుగుతుంది. ఒక వైపు తళతళలాడుతుంటే ఇంకో వైపు బురద అట్టలు కట్టి ఉంటుంది. ఇంజను మాత్రం ఉమ్మడి.

మరి ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్లు ఒకే క్యాబిన్లో ఎలా కూర్చుంటారు? మధ్యలో మా అత్తయ్య కూర్చుంటుంది. ఆవిడ లేకపోతే ఇద్దరూ కలిసి బండెక్కరు, ఎక్కకపోతే పని నడవదు. అందుకని అరవై దాటిన మనిషి రోజూ పొద్దున్నే కొంగు బిగించుకుని బండెక్కి, గేరు రాడ్డుకి మోకాలు తగలకుండా ముడుచుకుని కూర్చుంటుంది. బండిలో ఉన్నంతసేపూ కొడుకుల నోళ్లకి తాళాలే. దిగాక మొదలు. వాడితో చెప్పమ్మా అని ఒకడు, వాణ్ణి అడగమ్మా అని ఒకడు. ఆ చివర నుంచి ఈ చివరకి మాటలు మోసే పని కూడా ఆవిడదే.

ఆ క్యాబిన్లో డ్రైవరుకి బెల్టుంది. కిటికీ పక్కవాడికి బెల్టుంది. మధ్య సీటుకి లేదు. ఇటుకల యార్డేమో గుట్ట మీద ఉంది. లోడేసుకుని దిగాలంటే ఏటవాలు రోడ్డు, దాని మధ్యలో ఒక వంపు. బ్రేకు ఏ కాస్త తేడా చేసినా ముందుగా అద్దానికి కొట్టుకునేది ఎవరో నేను వేరే చెప్పక్కర్లేదు. నా భార్యకి ఇదే దిగులు. బండి రిపేర్లు చేసేది నేనే కాబట్టి, "బావా, ఆ బండి నీ చేతుల్లో ఉంటుంది, మా అమ్మ ఆ బండిలో ఉంటుంది, గుర్తుపెట్టుకో" అని నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు.

ఆ రోజు పొద్దున ముగ్గురూ నా షెడ్డుకొచ్చారు. పెద్దోడు దిగుతూనే, "బావా, బ్రేకు తొక్కితే స్టీరింగు గజగజా వణుకుతోంది, కిర్రుమని చప్పుడు కూడా. మధ్యాహ్నం లోపు ఒక లోడు దింపాలి, తొందరగా చూడు" అన్నాడు. చిన్నోడు రెండో తలుపులోంచి దిగి, ఎవరికీ ఏమీ చెప్పకుండా షెడ్డు వెనక నీళ్ల తొట్టి దగ్గరికెళ్లి నిలబడ్డాడు.

జాకీ వేసి, స్టాండ్లు పెట్టి, ముందు చక్రాలు రెండూ ఊడదీశాను.  రెండు డిస్కుల మీదా గోరు దిగేంత లోతున గాడులు పడ్డాయి. అంచు చుట్టూ గట్టు కట్టింది. వేడికి అక్కడక్కడా నీలం మచ్చలొచ్చాయి. ఎంత పలచబడితే పారెయ్యాలో డిస్కు అంచు మీదే అచ్చుగుద్ది ఉంటుంది. కొలిచి చూశాను. రెండూ ఆ హద్దు ఎప్పుడో దాటేశాయి. ఇటుకలేసుకుని ఈ డిస్కులతో గుట్ట దిగారంటే వీళ్ల ధైర్యానికి దండం పెట్టాలి.

"లేత్ మీద పెట్టి చెక్కించెయ్ బావా" అన్నాడు పెద్దోడు.

"ఏముందిరా చెక్కడానికి? పోయినసారి చెక్కించాం. ఇంకోసారి చెక్కితే అప్పడమే మిగులుతుంది. కొత్తవి వెయ్యాల్సిందే" అన్నాను. విడిభాగాల కొట్టుకి వెళ్లి కొత్త డిస్కుల జత, బ్రేకు ప్యాడ్ల సెట్టు తెచ్చాను.

వాటిలోంచి ఒక డిస్కు తీసి పెద్దోడు నా చేతిలో పెట్టాడు. "నా వైపుది వెయ్యి. వాడి వైపు వాడిష్టం."

"ఒరేయ్, ఒక వైపు కొత్తది, ఒక వైపు అరిగిపోయినది పెడితే బ్రేకు తొక్కగానే బండి ఒక పక్కకి లాగేస్తుందిరా. ఆ వంపులో, లోడుతో!"

"అది వాడికి చెప్పు. నా వైపు నేను సరిగ్గా ఉంచుకుంటున్నాను."

చిన్నోడి దగ్గరికెళ్లాను. ఇదే పాఠం మళ్లీ చెప్పాను. వాడు చేతులు కట్టుకుని నీళ్ల తొట్టిలోకి చూస్తూ, "నా వైపు నేనే మార్పించుకుంటాను. అన్నయ్య వచ్చి, నువ్వు క్లీనర్‌వి కాదురా అని నా మొహమ్మీద చెప్పిన రోజున" అన్నాడు.

"దానికీ డిస్కుకీ ఏం సంబంధంరా?"

"ఉంది."

"పోనీ నా తరఫున వేస్తాను. మీ అక్క పెట్టిందనుకో."

"నువ్వు వాడితో కుమ్మక్కయి వేస్తున్నావని నాకు తెలీదా? నా వైపు నట్టు ముట్టుకున్నావంటే బాగుండదు బావా."

నట్టు ముట్టుకోకూడదట! ఊడదీసిన చక్రం అక్కడ దొర్లుతుంటే! ఇలాంటి వాళ్లతో మాట్లాడే కంటే గోడకి తల బాదుకోవడం నయం, కనీసం గోడ ఎదురు చెప్పదు. తిరిగొచ్చి ముక్కాలిపీట లాక్కుని డిస్కు కూర్చునే హబ్బు మీది తుప్పు గీకడం మొదలుపెట్టాను. దుమ్ము ఊదడానికి పక్కనే గాలి కంప్రెసర్ వేసుకున్నాను. మా కంప్రెసర్ చాలా పాతది, అది తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాట వినాలన్నా అరవాల్సిందే.

పెద్దోడు గేటు దగ్గర పాత టైర్ల గుట్ట మీద కూర్చున్నాడు. చిన్నోడు వెనక తొట్టి దగ్గర. నేను నట్టనడుమ. అత్తయ్య నా పక్కనించే అటూ ఇటూ తిరుగుతూ రాయబారం మొదలుపెట్టింది. గేటు దగ్గరి మాట తొట్టికి వినపడదు, తొట్టి దగ్గరి మాట గేటుకి వినపడదు. మధ్యలో ఉన్న నాకు మాత్రం రెండూ కాస్త కాస్త వినబడుతున్నాయి. ఎవరి మాటా దాచుకునే గొంతులు కావు మా వాళ్లవి.

"వాడితో చెప్పమ్మా" అని గేటు దగ్గర్నుంచి పెద్దోడు అరిచాడు. "ఆ పొగరు దించుకుని డిస్కు మార్పించుకుంటే సరే, లేకపోతే రేపట్నుంచి బండెక్కక్కర్లేదని చెప్పు. కూలీకి మనిషిని పెట్టుకుంటాను."

అత్తయ్య తలూపి, నన్ను దాటుకుని తొట్టి దగ్గరికెళ్లింది. "నాన్నా, అన్నయ్య బెంగపడుతున్నాడురా. నువ్వు లేకపోతే ఆ బండి కదలదంటున్నాడు" అంది.

నా చేతిలో ఇనప బ్రష్షు ఆగిపోయింది.

"ఇప్పుడు తెలిసొచ్చిందా?" అన్నాడు చిన్నోడు. "వాడు తోలేదేంటి, ఆ తోలడం ఎవరికి చేతకాదు? మనుషుల్ని కనపడ్డవాళ్ల ముందల్లా చులకన చేసే వెధవ. వచ్చి కాళ్లు పట్టుకున్నా క్షమించనని చెప్పు."

అత్తయ్య మళ్లీ నన్ను దాటింది. "వాడు కుమిలిపోతున్నాడురా పెద్దోడా. ఆ రోజు ఇటుక పడేసి రావడం తప్పేనంటున్నాడు. నువ్వు ఒక్కమాట పలకరిస్తే చాలంట."

పెద్దోడి ఛాతీ ఉబ్బింది. "అలా రా దారికి. తప్పని వాడే ఒప్పుకున్నాక మళ్లీ నేను పలకరించేదేంటి? వాడే వస్తాడు, చూస్తూ ఉండు."

ఆవిడ మూడోసారి నా పక్కనించి వెళుతుంటే కొంగు పట్టుకుని ఆపినంత పనిచేశాను. "అత్తయ్యా, ఏంటిది? వాడన్నదేంటి, నువ్వు చెబుతున్నదేంటి?"

"ష్, ఊరుకో అల్లుడూ" అంది నా చెవి దగ్గరికి వంగి. "చేదు మందుకి కాస్త బెల్లం కలపకపోతే పిల్లలు మింగుతారా?"

"ఎన్నాళ్ల నుంచి కలుపుతున్నావు?"

"గోడ కట్టిన కాణ్ణించీ."

అప్పుడు నాకు తత్వం బోధపడింది. ఏడాదిగా ఈ గోల ఎందుకు తెగడం లేదా అని నేనూ నా భార్యా బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నాం. ఎందుకు తెగుతుంది? తమ్ముడు దిగొచ్చాడని అన్న చెట్టెక్కి కూర్చున్నాడు. అన్న దిగొచ్చాడని తమ్ముడు ఇంకో చెట్టెక్కి కూర్చున్నాడు. ఎదుటివాడు ఇవాళో రేపో వచ్చి కాళ్లమీద పడతాడని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. పోట్లాట ఆపుతున్నాననుకుంటూ దానికి రోజూ నీళ్లు పోసి పెంచుతున్నది ఈవిడే. కోపం తన్నుకొచ్చింది, అంతలోనే ఆవిడ వంగిపోయిన నడుం చూసి జాలేసింది, ఆ రెండూ కలిసి తల వేడెక్కిపోయింది.

అప్పటికైనా నోరు విప్పేవాణ్ణే. ఇంతలో పెద్దోడు గేటు దగ్గర్నుంచి వచ్చి, "బావా, నా వైపు బిగించెయ్. వాడెలాగూ మెత్తబడ్డాడు, వాడిది రేపు వేయించుకుంటాడు. ఇవాళ్టికి ఇలాగే వెళ్లి లోడు దింపేసి వస్తాం" అని చెప్పి మళ్లీ టైర్ల మీద కూర్చున్నాడు. అత్తయ్య ఆ కబురు తనకి నచ్చినట్టు మార్చి చిన్నోడికి చేరవేస్తే, వాడు కూడా, "సరే, వాడు అంత బతిమాలుతుంటే ఇవాళ్టికి వస్తాను. రేపు నన్ను పిలిచి మాట్లాడాకే నా డిస్కు" అన్నాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఇద్దరూ ఒప్పుకున్నారు అల్లుడూ! ఇవాళ్టికి ఒకటి వేసెయ్. సాయంత్రానికల్లా నేను చక్కబెడతానుగా" అంది.

ఒప్పుకున్నారట! ఒక డిస్కుతో గుట్ట దిగడానికి ముగ్గురికి ముగ్గురూ ఒప్పుకున్నారు! ఇటుకల లోడు, ఆ వంపు, మధ్యలో బెల్టు లేకుండా ఈవిడ. నేను బిగించనంటే పెద్దోడు ఇంకో షెడ్డుకి ఈడ్చుకెళ్లైనా బిగించుకుని బయల్దేరతాడు, వాడి సంగతి నాకు తెలుసు.  

అత్తయ్య చివరి మెరుగు దిద్దడానికి మళ్లీ తొట్టి దగ్గరికెళ్లింది. కంప్రెసర్ చప్పుడు మీద వినబడాలని గొంతెత్తి చెబుతోంది. "రాత్రంతా నీ గురించే కలవరించాడు నాన్నా..."

నేను చెయ్యి చాపి కంప్రెసర్ ఆపేశాను.

"...నా తమ్ముడు క్లీనరేంటమ్మా, వాడు నా కుడిభుజం అని వలవలా ఏడ్చాడు!" అన్న మాట షెడ్డంతా ఖంగున మోగింది.

గేటు దగ్గర పెద్దోడు టైర్ల మీదనుంచి లేచాడు. "ఎవరు? నేనా? నేనెప్పుడు ఏడ్చానమ్మా?"

చిన్నోడు ఇటు తిరిగాడు. "ఏడవలేదా? నన్ను బతిమాలలేదా?"

"నిన్నా? నేనెందుకు బతిమాలతాను? తప్పు నీదేనని నువ్వు కదరా ఒప్పుకుంది!"

"నా తప్పా! నా జన్మలో అన్లేదు!"

అన్నదమ్ములిద్దరూ ఏడాది తర్వాత ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మొదటి మాటలివే. ఆ తర్వాత ఏడాది సరుకూ ఒకేసారి దింపారు. క్లీనర్ అన్నమాట, పడేసిన ఇటుక, గోడ, తీగ, బురద, పచ్చలైటు, చిన్నప్పుడెప్పుడో విరగ్గొట్టిన బొంగరం వరకూ వెళ్లారు. నేను స్పానరు పట్టుకుని మధ్యలో నిలబడ్డాను, కలబడితే విడదీద్దామని. కలబడలేదు. ఊపిరందక ఇద్దరూ ఆగారు, ఆగి ఒకేసారి తల్లి వైపు తిరిగారు.

"అయితే ఏడాది నుంచీ నువ్వు మాకు చెప్పినవన్నీ అబద్ధాలేనా అమ్మా?" అన్నాడు పెద్దోడు.

అత్తయ్య ముందు నావైపు చూసింది. "నీకేం పోయింది అల్లుడూ, ఆ కంప్రెసర్ ఆపకపోతే?" అంది. ఆ తర్వాత కొడుకుల వైపు తిరిగింది. "అవునురా. అబద్ధాలే. వీడు నిన్ను వెధవా అన్నప్పుడు, అన్నయ్య తిన్నాడా అని అడుగుతున్నాడని చెప్పాను. నువ్వు వీడి గుమ్మం తొక్కనన్నప్పుడు, తమ్ముడి మొహం వాడిపోయిందేంటమ్మా అన్నావని చెప్పాను. మీరన్నవి అన్నట్టు మోసుంటే ఈపాటికి తలలు పగిలేవి. మీరు ఏమంటే బాగుంటుందో అవే చెప్పాను. మీ నోట్లోంచి ఒక్కటైనా వస్తుందేమోనని చూశాను. రాలేదు. నేనింక మొయ్యలేనురా, నా వల్ల కాదు."

కూర్చోవడానికి ఏమీ కనపడక నా ముక్కాలిపీట మీద కూర్చుంది. ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, రెండు చేతులతో మోకాళ్లు రుద్దుకుంటూ ఉండిపోయింది. అదే ఎక్కువ బాధగా ఉంది.

"విన్నారుగా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. "ఇప్పుడు చెప్పండి. ఒక డిస్కుతో ఈవిణ్ణి మధ్యలో కూర్చోబెట్టుకుని ఆ గుట్ట దిగుతారా? బండి లాగేస్తే నీ బెల్టు నిన్నాపుతుంది, వాడి బెల్టు వాణ్ణాపుతుంది. మీ అమ్మనెవడ్రా ఆపేది?"

 పెద్దోడు క్యాబిన్ వైపు, ఆ మధ్య సీటు వైపు చాలాసేపు చూశాడు. ఎప్పుడూ అరిచేవాడు, ఈసారి ఎంత మెల్లగా అన్నాడంటే, కంప్రెసర్ ఆగి ఉండబట్టి కానీ లేకపోతే ఎవరికీ వినపడేది కాదు.

"అమ్మా, మరి నేను జ్వరంతో పడున్నప్పుడు... తమ్ముడు గుమ్మం దాకా వచ్చాడు, ఎలా ఉందని అడిగి వెళ్లాడు అని చెప్పావే. అది కూడా అబద్ధమేనా?"

అత్తయ్య కొంగు చివర వేలికి చుట్టుకుంది. 

"మిగతావన్నీ పోతే పోయాయి" అన్నాడు పెద్దోడు. "ఆ ఒక్కటీ చెప్పు. ఆ మాట విన్నాకే నేను లేచి గంజి తాగాను."

ఆవిడ తల వంచుకుంది. ఏం చెప్పబోయిందో తెలీదు, ఈలోగా తొట్టి దగ్గర్నుంచి చిన్నోడి గొంతు వినిపించింది.

"అది అబద్ధం కాదు. వచ్చాను."

పెద్దోడు తలెత్తాడు. "నిజంగానా?"

"గోడవైపు తిరిగి పడుకున్నావు. లేపొద్దని అమ్మతో చెప్పాను."

పెద్దోడు చొక్కా చేత్తో ముక్కు తుడుచుకున్నాడు. ఇటు చూశాడు, అటు చూశాడు, చివరికి నేల మీద పడున్న పాత డిస్కుని చూస్తూ అన్నాడు. "ఆ రోజు ఆ ఆసామి ముందు నాకు నోరు జారింది. నువ్వు క్లీనరేంట్రా, నా తమ్ముడివి."

చిన్నోడు బండి దగ్గరకొచ్చి, మిగిలిన డిస్కు తీసి, నా చేతిలో పెట్టి, "చూస్తావేంటి బావా, ఈ వైపు కూడా వెయ్యి. టైమవుతోంది" అన్నాడు. అప్పటిదాకా టైము నా వల్లే అయిపోయినట్టు!

రెండు హబ్బులూ మెరిసేదాకా గీకాను. కొత్త డిస్కుల మీద తుప్పు పట్టకుండా పూసిన నూనె శుభ్రంగా తుడిచాను. డిస్కులు కూర్చోబెట్టి, కొత్త ప్యాడ్లు వేసి, నట్లన్నీ బిగించాను. పెడల్ గట్టిపడేదాకా పెద్దోడి చేత తొక్కించాను. "కొత్త ప్యాడ్లు కుదురుకునే దాకా నింపాదిగా తోలు. ఖాళీ బండితో నాలుగైదుసార్లు మెల్లగా ఆపి చూసుకున్నాకే లోడెక్కించు. సడన్ బ్రేకు కొట్టావంటే నా చేతిలో చస్తావు" అన్నాను. ఎదురు చెప్పకుండా తలూపాడు. అలా తలూపడం నా కళ్లతో చూస్తాననుకోలేదు.

బయల్దేరేటప్పుడు అత్తయ్య అలవాటు కొద్దీ మధ్య సీటు ఎక్కబోయింది. చిన్నోడు ఆవిణ్ణి ఆపి, ముందు తనెక్కి అన్న పక్కకి జరిగాడు. "కిటికీ పక్కన కూర్చోమ్మా, గాలొస్తుంది" అన్నాడు. మధ్యలో వాడికీ బెల్టు లేదు. అది చూసి, "ఒరేయ్, మెల్లగా తోలు" అని పెద్దోడికి ఇంకోసారి చెప్పాను. "తెలుసులే బావా" అన్నాడు వాడు, చిన్నోడి కాళ్లు పట్టేలా తన మోకాలు పక్కకి ముడుచుకుంటూ.

అత్తయ్యకి బెల్టు పెట్టుకోవడం రాదు. నేను వంగి పెడుతుంటే నా మణికట్టు పట్టుకుంది. లోపల వాళ్లిద్దరూ ఏ దారిన వెళ్లాలో వాదులాడుకుంటున్నారు. ఆవిడ నా చెవి దగ్గర గుసగుసలాడింది.

"అల్లుడూ, వాడు రాలేదయ్యా."

"ఎవరు?"

"చిన్నోడు. పెద్దోడు జ్వరంతో మూలుగుతుంటే వస్తాడేమోనని గుమ్మంలో ఎంతసేపు నిలబడ్డానో. రానే లేదు. ఆ మాట నేనే కల్పించాను."

నేను చిన్నోడి వైపు చూశాను. వాడు చేతులు తిప్పుతూ అన్నకి ఏదో సందు గురించి గట్టిగా చెబుతున్నాడు.

"నాతో అన్నావు సరే" అన్నాను బెల్టు బిగిస్తూ, "ఇంకెవరితోనూ అనకు అత్తయ్యా."